రెండో టేబుల్

కొత్త ఆపరేషన్ థియేటర్ గుమ్మానికి ఏ రంగు రిబ్బను కట్టాలన్నదాని మీద ఆ సర్కారు దవాఖానాలో సోమవారం పొద్దంతా చర్చ నడిచింది. గులాబీది కడితే ఒక పార్టీ వాళ్లు, పసుపుది కడితే ఇంకో పార్టీ వాళ్లు ఏమనుకుంటారోనని భయం. అసలే తెలంగాణ వస్తుందా రాదా అని జనమంతా టీవీలకు అతుక్కుపోయిన రోజులు. చివరికి ఎవరికీ చెందని తెల్లరంగు ఖాయం చేశారు. తీరా తెచ్చి చూస్తే అది అచ్చం బ్యాండేజీ గుడ్డలా ఉంది. ఇంత ఆలోచన చేసిన పెద్దమనుషుల్లో ఒక్కరికీ ఆ గుమ్మం లోపల పనిచేసే నర్సులెవరన్న సందేహం రాలేదు.

స్వర్ణలతకు వచ్చింది. ఉప్పల్ చౌరస్తాకూ నాచారానికీ మధ్యన ఉన్న ఆ దవాఖానాలో థియేటర్ పని తెలిసిన నర్సులు ఇద్దరే మరి. ఒకరు హెడ్ నర్సు కమలకుమారి, ఇంకొకరు కాంట్రాక్టు మీద పనిచేస్తున్న స్వర్ణలత. పాత థియేటర్‌లో ఉన్నది ఒకటే టేబుల్. పొద్దున లిస్టులో ఎంతమంది పేర్లున్నా, మధ్యలో ఒక కాన్పు కేసు అడ్డం తిరిగిందంటే మిగతా అందరూ వార్డుకు వాపసు. "వచ్చే వారం చూద్దాం" అన్న మాట స్వర్ణలత నోట్లో అరిగిపోయింది. రాత్రి నుంచి మంచినీళ్లయినా ముట్టకుండా కూర్చున్న ఆడవాళ్లతో ఆ మాట చెప్పి, వాళ్ల మొహాలు చూడకుండా తిరిగి రావడం ఆమెకు రోజూ ఒక శిక్షగానే ఉండేది.

మధ్యాహ్నం సూపరింటెండెంటు రామచంద్రరావు ఇద్దరినీ తన గదిలోకి పిలిపించాడు. మనిషి మంచి హుషారుగా ఉన్నాడు.

"గురువారం ఓపెనింగ్. పై ఆఫీసు నుంచి పెద్దసారు వస్తున్నడు. రెండు టేబుళ్లు ఒక్కసారే నడుస్తున్నట్టు చూపియ్యాలె," అన్నాడు.

"నర్సులు సార్?" అంది స్వర్ణలత.

"ఎనిమిది మంది వస్తున్నరు. ఇంకేం గావాలె నీకు?"

స్వర్ణలతకు ఒక్కసారిగా గాలి ఆడినట్టయింది. ఎనిమిది మంది! పక్కనున్న కమలకుమారి వైపు చూసింది. ఆవిడ కిటికీ గొళ్లెం తుప్పు పట్టిందో లేదో పరీక్షిస్తున్నట్టుగా అటు తిరిగి నిలబడింది.

"ఒకటో టేబుల్ మీద సిజేరియన్ ఉంటది. రెండోదానికి నువ్వు ఒక కేసు చూడు స్వర్ణలతా. ఎప్పటి నుంచో వెయిటింగ్‌ల ఉన్నోళ్లయితే మంచిగుంటది. కని, గలాటా చేసే మనిషిని మాత్రం తేవద్దు."

గలాటా చెయ్యని మనిషి అనగానే స్వర్ణలతకు సాలమ్మ గుర్తొచ్చింది. మూడుసార్లు టేబుల్ దాకా వచ్చి మూడుసార్లూ వెనక్కి పోయిన మనిషి. ఒక్కసారన్నా గట్టిగా అడగని మనిషి.

సాయంత్రం డ్యూటీ దిగి, తవ్విపోసిన మెట్రో గుంతల పక్కనుంచి కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని నడిచి, స్వర్ణలత నేరుగా సాలమ్మ ఇంటికే వెళ్లింది. ఇద్దరివీ నాచారంలో ఒకే గల్లీలో కిరాయి గదులు. సాలమ్మ అప్పుడే ప్లాస్టిక్ బకెట్ల కంపెనీ నుంచి వచ్చి, గడప లోపల పాత చీర మడత వేసుకుని, ఒక పక్కకు ఒరిగి కూర్చుని ఉంది. ఆమె ఎప్పుడూ అట్లాగే కూర్చుంటుంది. కంపెనీలో దానా బస్తాలు, అంటే బకెట్లు పోసే ప్లాస్టిక్ గింజల బస్తాలు, ఎత్తీ ఎత్తీ గర్భసంచి జారిపోయింది. నిలబడితే నొప్పి, కూర్చుంటే ఒత్తిడి. దవాఖానా వాళ్లను వదిలేస్తే, మొగుడు చంద్రయ్యకూ, స్వర్ణలతకూ తప్ప ఈ సంగతి మూడో మనిషికి తెలియదు. చంద్రయ్య పీర్జాదిగూడలో కడుతున్న అపార్టుమెంటుకు వాచ్‌మన్, వారానికోసారి ఇంటికి వస్తాడు. కంపెనీలో అడిగితే నడుం నొప్పి అని చెప్పుకుని లాక్కొస్తోంది సాలమ్మ.

"అత్తా, గురువారం నీ ఆపరేషన్," అంది స్వర్ణలత, చెప్పులు విప్పకముందే.

సాలమ్మ బియ్యం చాటలోంచి తలెత్తలేదు. "మల్లనా?"

"మల్ల గాదు, గీసారి పక్కా. కొత్త థియేటర్ల నీదే మొదటి కేసు. నర్సులు గూడ వస్తున్నరు. ఇంగ ఎనుకకు పంపుడు ముచ్చటే లేదు."

"గా ముచ్చట లోపటికి తీస్కపోయేదాక అందరు చెప్తరు బిడ్డా." సాలమ్మ ఒక మట్టిబెడ్డ ఏరి గడప బయటికి విసిరింది. "మొన్న తిండి లేక పొద్దుమూకిందాక కూసున్న. వచ్చేటప్పుడు బస్సుల కండ్లు తిరిగినయ్. నాగాలు పెట్టి పెట్టి సూపర్‌వైజర్ మొకం గూడ సూస్తలేడు. ఎందుకు తియ్యి, నడుస్తున్నది గద."

"నడుస్తలేదత్తా. గిట్లనే ఉంటే రేపు పుండైతది. నా మాట ఇను."

సాలమ్మ చాట పక్కన పెట్టి చాలాసేపు ఆమె మొహంలోకి చూసింది. తర్వాత అరచెయ్యి చాపింది. "చేతిల చెయ్యెయ్యి."

స్వర్ణలత వేసింది. ఆ చెయ్యి బస్తా గోనెలా గరుకుగా ఉంది.

"నేను దగ్గరుంటనత్తా. నా మీద ఒట్టు."

"గట్లయితే వస్త," అంది సాలమ్మ. ఇంకేమీ అడగలేదు. ఎవరికీ చెప్పొద్దని మాత్రం వెళ్లేటప్పుడు ఇంకోసారి గుర్తు చేసింది.

బుధవారం స్వర్ణలత పనిలో ఒక పండగ కనిపించింది. కొత్త థియేటర్ గోడలు తుడిపించింది. దీపాలు తిప్పి చూసింది. గాజుగుడ్డ ముక్కలు కత్తిరించి, అంచులు లోపలికి మడిచి, కట్టలు కట్టింది. రెండో టేబుల్ కోసం ట్రే సర్దడానికి కూర్చుంది. కత్తెరలు ఒక వరస, క్లిప్పులు ఒక వరస, సూదులు పట్టే పటకారులు ఇంకో వరస. ఈ పనంతా కమలకుమారి నేర్పిందే. డాక్టర్ చెయ్యి చాపకముందే సామాను అరచేతిలో టప్‌మని పడాలని, ఆయన కళ్లు గాయం మీది నుంచి కదలకూడదని చెక్కస్కేలుతో వేళ్ల మీద కొట్టి మరీ నేర్పింది. కన్నతల్లి కూడా స్వర్ణలతను అంత ఓపికగా తిట్టలేదు.

"ఆ రెండో ట్రే ఇవ్వాళ ఆటోక్లేవ్‌లో పెట్టకే," అంది కమలకుమారి, వెనకనుంచి వచ్చి.

ఆటోక్లేవ్ అంటే సామాన్లను ఆవిరిలో ఉడికించి క్రిములు లేకుండా చేసే పెద్ద డ్రమ్ము. అందులోంచి రాని ట్రేను టేబుల్ దగ్గరికి తెస్తే తంతానని చెప్పిన మనిషే ఈవిడ.

"పెట్టకపోతే రేపెట్ల మేడం?"

"కరెంటు నమ్మకం లేదు కదా. ఒకటోది అయితే చాల్లే. రెండోది పైన గుడ్డ కప్పి ఉంచెయ్."

"రెండు టేబుళ్లు నడుస్తయన్నరు గద సార్?"

కమలకుమారి ఏదో అనబోయి ఆగింది. "నీ ఇష్టమమ్మా," అనేసి వెళ్లిపోయింది. రిటైర్‌మెంట్ దగ్గరపడింది, ఓపిక తగ్గిందనుకుంది స్వర్ణలత. డ్యూటీ అయ్యాక కూడా ఆగి, ఆ ట్రేను గుడ్డలో చుట్టి, టేపు అంటించి, ఆటోక్లేవ్‌లో పెట్టింది. ఆవిరి తగిలి టేపు మీద నల్లని గీతలు తేలినప్పుడు తృప్తిగా చేతులు తుడుచుకుంది.

గురువారం పొద్దున ఎనిమిది మంది నర్సులు నిజంగానే వచ్చారు. ఒక పసుపుపచ్చ బస్సులోంచి దిగారు. అందరివీ ఇస్త్రీ మడత చెదరని తెల్లని డ్రెస్సులు. స్వర్ణలత సంతోషంతో ఎదురెళ్లి, అందరికీ మాస్కులు పంచి, చేతులు కడుక్కునే చోటికి తీసుకుపోయింది. గీతిక అనే అమ్మాయి ముందుగా కుళాయి తిప్పి, చేతులు కడుక్కుని, ఆ తడిచేతులు తన డ్రెస్సుకే తుడుచుకుంది.

స్వర్ణలత ఆ పిల్ల చేతుల వంకే చూసింది. "ఇంతకుముందు ఏ థియేటర్‌ల చేసినవ్ చెల్లే?"

"నేను ఎక్కడా చెయ్యలేదక్కా. నర్సింగ్ ఫస్టియరే," అంది గీతిక. "ఫొటోలవ్వగానే వెళ్లిపోవచ్చన్నారు. మధ్యాహ్నం మాకు క్లాసుంది."

"ఏ కాలేజీ?"

"నారపల్లి అవతల." ఆ పిల్ల గొంతు తగ్గించింది. "మా దాంట్లో ఇన్‌స్పెక్షన్ ఉన్నప్పుడు ఇక్కడి పేషెంట్లను పంపుతారంట కదక్కా, అందుకని ఇవాళ మమ్మల్ని పంపారు."

స్వర్ణలతకు సంగతి సగం అర్థమైంది. అయినా మనసు ఒప్పుకోలేదు. వీళ్లు పిల్లలైతేనేం, పెద్ద నర్సులు వెనకాల వస్తారేమోననుకుంది. మోసపోతున్న మనిషి తనను తాను ఇట్లాగే ఇంకాసేపు మోసం చేసుకుంటుంది.

అప్పటికే సాలమ్మ రెండో టేబుల్ మీద పడుకుని ఉంది. తలకు ఆకుపచ్చ టోపీ, గొంతు దాకా ఆకుపచ్చ గుడ్డ. చేతికి సెలైన్ ఎక్కుతోంది. ఇటువైపు సర్జన్ విజయభాస్కర్ ఒకటో టేబుల్ మీద కాన్పు కేసుకు సిద్ధమవుతున్నాడు. మత్తు డాక్టరూ అక్కడే ఉన్నాడు. రెండో టేబుల్ దగ్గర డాక్టరన్న మనిషి లేడు.

గుమ్మం దగ్గర కలకలం. పెద్దసారు వచ్చేశాడు. పూలదండ ఉంది, పళ్లెం ఉంది, కొబ్బరికాయ ఉంది, కెమెరాలున్నాయి. కత్తెర లేదు. రిబ్బను రంగు గురించి అన్ని గంటలు కొట్టుకున్నవాళ్లలో ఎవరూ కత్తెర సంగతి చూసుకోలేదు.

"కత్తెర, కత్తెర," అంటూ రామచంద్రరావు గబగబా లోపలికి వచ్చాడు. బయట తిరిగిన చెప్పులతోనే. చుట్టూ చూసి, రెండో టేబుల్ పక్కనున్న ట్రే మీది టేపు పీకి, గుడ్డ విప్పి, చేతికి గ్లవ్స్ కూడా లేకుండా వరసలోంచి ఒక కత్తెర లాక్కుని బయటికి పరిగెత్తాడు.

ఇరవై ఏళ్లుగా సర్జరీ చేస్తున్న మనిషి అతను. ఒక మనిషికి ఆపరేషన్ చెయ్యాల్సిన ట్రేలో ఉత్త చెయ్యి పెట్టకూడదని అతనికి తెలియదా? ఆ టేబుల్ మీద కోసేదేమీ లేదని తెలుసు, అందుకే పెట్టాడు. స్వర్ణలతకు అప్పుడు మొత్తం అర్థమైంది. కమలకుమారి కిటికీ గొళ్లెం వైపు ఎందుకు తిరిగిందో, ఆటోక్లేవ్ ఎందుకు వద్దందో కూడా అర్థమైంది.

బయట చప్పట్లు. పెద్దసారు లోపలికి వచ్చాడు. ఎనిమిది మంది తెల్లడ్రెస్సులు రెండో టేబుల్ చుట్టూ చేరాయి. ఫొటోగ్రాఫర్ స్వర్ణలతను భుజం పట్టి సాలమ్మ తలదగ్గర నిలబెట్టాడు.

"ఏమమ్మా, భయమైతుందా?" అన్నాడు పెద్దసారు.

"లే సారూ, మా సొర్ణ ఉన్నది," అంది సాలమ్మ.

ఇప్పుడు చెప్పాలి, ఇదంతా అబద్ధమని ఇప్పుడే చెప్పాలి అనుకుంది స్వర్ణలత. నోరు మాస్కు వెనకాల తెరుచుకుంది కూడా. రామచంద్రరావు ఆమెనే చూస్తున్నాడు. కాంట్రాక్టు రెన్యువల్ వచ్చే నెలలోనే ఉంది. నోరు మళ్లీ మూసుకుంది. కెమెరా మెరిసింది.

"స్టాఫ్ లేరు, స్టాఫ్ లేరని ఊకె రాస్తరు," అన్నాడు పెద్దసారు, తృప్తిగా అందరినీ చూస్తూ. "ఇంతమంది ఉన్నరు గదయ్యా! నర్సులు ఇంకా అవసరమున్న దవాఖానాలు వేరే ఉన్నయ్. మీకు ఢోకా లేదు."

రామచంద్రరావు నవ్వాడు. ఆ నవ్వులో కొంచెం కంగారు తొంగిచూసింది. అంత నిండుగా చూపించకుండా ఉండాల్సిందని అతనికి అప్పుడు తట్టిందేమో.

కార్లు వెళ్లాయి. పసుపుపచ్చ బస్సు వెళ్లింది. ఒకటో టేబుల్ మీద బిడ్డ కేరుమన్నది. కమలకుమారి అక్కడ సామాన్లు అందిస్తోంది, తలెత్తకుండా.

"ఈమెను వార్డుకు పంపెయ్. వచ్చే వారం చూద్దాం," అన్నాడు రామచంద్రరావు, స్వర్ణలత పక్కనుంచి పోతూ.

"వచ్చే వారం నర్సులేరి సార్?"

"చదువుకున్నదానివి, నువ్వే గిట్ల అడిగితే ఎట్ల?" అని అతను ఆగకుండా వెళ్లిపోయాడు.

సాలమ్మ కప్పు వైపు చూస్తూ పడుకునే ఉంది. "సూది ఎప్పుడిస్తరు బిడ్డా?"

స్వర్ణలత మాస్కు దించి, సెలైన్ సూది తీసింది. "ఇయ్యరత్తా. లే."

సాలమ్మ గలాటా చెయ్యలేదు. విప్పిపడేసిన ట్రే వైపు ఒకసారి, స్వర్ణలత వైపు ఒకసారి చూసింది. తనే మోచేతి మీద లేచి, కాళ్లు దగ్గరగా పెట్టుకుని, మెల్లగా దిగింది. స్వర్ణలత పట్టుకోబోతే, పట్టుకోనివ్వకుండా చెయ్యి పక్కకు తీసుకుంది.

శుక్రవారం పేపర్ల జిల్లా పేజీలో ఆ ఫొటో వచ్చింది. 'కొత్త థియేటర్‌లో తొలి శస్త్రచికిత్స విజయవంతం' అని పైన. గర్భసంచి జారి ఏళ్లుగా బాధపడుతున్న నాచారం మహిళ సాలమ్మకు విముక్తి అని కింద. పేరు, ఊరు, జబ్బు దేన్నీ వదల్లేదు. స్వర్ణలత మాస్కు పైన కళ్లు మాత్రం స్పష్టంగా కనిపిస్తున్నాయి.

కమలకుమారి పాత థియేటర్‌లో గ్లవ్స్ కడిగి పౌడర్ వేస్తోంది. స్వర్ణలత పేపరు ఆవిడ ముందు పెట్టింది.

"మీకు ముందే తెలుసు గద మేడం?"

"తెలుసు."

"నాకొక్క మాట ఎందుకు చెప్పలేదు?"

"చెబితే సాలమ్మను తీసుకొచ్చేదానివా?" కమలకుమారి గ్లవ్ తిరగేసి ఊదింది. అయిదు వేళ్లూ ఉబ్బాయి. "ఆవిడ నువ్వు పిలిస్తే తప్ప రాదుగా. సూపరింటెండెంటు నన్నే అడిగాడు, ఎవరితో పిలిపిస్తే వస్తారని. నీ పేరు నేనే చెప్పాను."

స్వర్ణలతకు ఏడుపొచ్చింది. సూపరింటెండెంటు మీద కోపమే వచ్చింది గానీ ఏడుపు రాలేదు. ఇప్పుడు వచ్చింది. వేళ్ల మీద చెక్కస్కేలుతో కొట్టి పని నేర్పిన మనిషి, ఆ పని మీద పుట్టిన నమ్మకాన్నే తీసి అవతలివాడి చేతిలో పెట్టింది. టప్‌మని, అడక్కముందే పెట్టింది.

"థియేటర్ తెరిస్తే పోస్టులొస్తాయనుకున్నానే," అంది కమలకుమారి, గొంతు తగ్గించి. "నేను పోయాక నువ్వొక్కదానివే చావకూడదనుకున్నాను. ఆ పెద్దసారు ఇలా అనేసి పోతాడని నాకేం తెలుసు?"

 స్వర్ణలత పేపరు మడిచి తీసుకుని వెళ్లిపోయింది.

శనివారం సాయంత్రం సాలమ్మ ఇంటికి పోవడానికి ఆమె రెండుసార్లు బయల్దేరి రెండుసార్లూ గల్లీ మలుపు నుంచి తిరిగొచ్చింది. మూడోసారి పోయింది. తిడుతుందని, మొహం మీద తలుపేస్తుందని అనుకుంటూ పోయింది. తలుపు బార్లా తెరిచి ఉంది. సాలమ్మ దుప్పటి కప్పుకుని మంచం మీద పడుకుని ఉంది. పక్కన స్టూలు మీద బ్రెడ్డు పొట్లాలు, బత్తాయిలు. మంచం చుట్టూ గల్లీ ఆడవాళ్లు.

"ఇగో, వచ్చింది నా బిడ్డ," అంది సాలమ్మ. "దగ్గరుండి చేపిచ్చింది. కడుపుల బిడ్డ లెక్క సూస్కున్నది."

స్వర్ణలత గడపలోనే నిలబడిపోయింది.

"మంచి పని చేసినవ్ సొర్ణా," అంది ఎదురింటి కౌసల్యమ్మ, లేస్తూ. "మా ఆడబిడ్డకు గూడ గిదే బాధ. ఇన్నొద్దులు నోరిడిచి చెప్పలే. పేపర్ల సాలమ్మ బొమ్మ సూసి నిన్న చెప్పింది. ఉండు, తోల్కొస్త."

కౌసల్యమ్మతో పాటే మిగతావాళ్లూ లేచారు. గది ఖాళీ అయింది. సాలమ్మ మొహంలో ఉన్న నవ్వు కూడా వాళ్లతోనే వెళ్లిపోయింది.

"గట్లెందుకు చెప్పినవత్తా?"

"మరేం చెప్పాలె? కాలేదని చెప్పాల్నా? ఇన్నేండ్లు కడుపుల దాసుకున్న ముచ్చట పేపర్ల ఏసి పంచిన్రు. అయిపోయిందంటేనన్న నోర్లు మూస్తరు. కాలేదంటే, ఇంగ గట్లనే తిరుగుతున్నదని కంపెనీల నన్ను సూసి నవ్వుతరు."

"సూపర్‌వైజర్‌కు గూడ అయిందనే చెప్తవా?"

"ఆయనే ఫోన్ చేసిండు. బాగైనవ్ గద, ఎప్పుడొస్తవ్, బస్తాలు అట్లనే ఉన్నయన్నడు."

"నేను వేరే దవాఖానల అడుగుత. చేపిస్త అత్తా, నా..."

"ఒట్టు మాత్రం పెట్టకు బిడ్డా," అంది సాలమ్మ. కోపంగా కూడా అనలేదు. "ఒక్కటి చెప్పు. కుట్లు ఎన్నొద్దులకు ఇప్పుతరు? అందరు అడుగుతున్నరు, నాకు చెప్పొస్తలే."

 "దీనికి బయట కుట్లుండయత్తా."

"గట్లనా? మంచిగైంది. చూపెట్టుమని ఎవ్వరనరు."

 స్వర్ణలత ఏదో అనేలోపే కౌసల్యమ్మ వచ్చేసింది. వెనకాల ఆమె ఆడబిడ్డ, సన్నటి మనిషి, తలవంచుకుని వచ్చి గడపలోనే కూర్చుంది. ఒక పక్కకు ఒరిగి కూర్చుంది. స్వర్ణలత అది చూసింది. మంచం మీంచి సాలమ్మా చూసింది.

"గీమెనే. సోమవారం తోల్కపో బిడ్డా," అంది కౌసల్యమ్మ.

"ఆడికి వద్దు పెద్దమ్మా," అంది స్వర్ణలత.

"ఎందుకొద్దు?"

"వద్దు. ఆడ చెయ్యరు."

"సాలమ్మకు చేసిన్రు గద?"

స్వర్ణలత తల దించుకుంది. చెప్పడానికి ఒక్క మాట చాలు. కానీ ఆ మాట ఆమెది కాదు, సాలమ్మది. దాన్ని ఇంకోసారి ఎవరి ముందూ పరచడానికి ఆమెకు నోరు రాలేదు.

కౌసల్యమ్మ మొహం మారింది. "అంటే, నీకు కావల్సినోళ్లకైతే చేపిస్తవ్, మాకు చేపియ్యవు. మేం పరాయోళ్లమైతిమి. పేపర్ల బొమ్మ పడంగనే గింత పొగరా? ఇగ మా వాకిట్లకు రాకు."

స్వర్ణలత ఆ మాటలు పడింది.  చెప్పుల కోసం వంగింది.

"దాని మీద ఒర్రకు కౌసల్యా."

సాలమ్మ దుప్పటి పక్కకు తీసేసింది. మంచం దిగి నిలబడింది. పొట్ట పట్టుకోలేదు, మూలగలేదు. పొద్దుట్నుంచి వేసిన వేషం ఏదీ వెయ్యలేదు.

"నాకు ఆపరేషన్ కాలే," అంది. "బొమ్మ తీసిన్రు, పంపిచ్చిన్రు. ఆడ చేసెటోళ్లు లేరు. నీ ఆడబిడ్డను తోల్కపోయి నా లెక్క పండవెట్టకు."

 గడపలో కూర్చున్న మనిషి తలెత్తి చూసింది. ఆ కళ్లలో నిన్న పుట్టిన ఆశ ఇప్పుడు పోవడం స్వర్ణలతకు కళ్లారా కనిపించింది.

సాలమ్మ దిండు కింద దాచిపెట్టిన పాత చీర తీసింది. గడప దగ్గరికి వచ్చి, దాన్ని నాలుగు మడతలు వేసి ఆ మనిషి చేతికిచ్చింది.

"గట్ల ఉత్త బండ మీద కూసోకు చెల్లే. గిది ఎయ్యి, జర ఆసరుంటది," అంది.